హెడ్‌లైటు మసకగా ఉందా? బల్బు మార్చే ముందు వైరు చూడండి



ఈసారి పురుగు సంగతి కాదు, బండి సంగతి రాస్తున్నాం. ఎందుకంటే మన పనిలో పంటకి రెండు చీకటి ప్రయాణాలు తప్పవు. చాకీ పురుగులు తెచ్చుకునేటప్పుడు ఎండ తగలకూడదని తెల్లవారుజామునో, పొద్దు పోయాకో పోతాం. గూళ్ళు విడిపించాక మార్కెట్‌కి తీసుకుపోవడం కూడా రాత్రిపూటే. గూటిలో ప్యూపా ప్రాణంతో ఉంటుంది, సంచుల్లో వేడెక్కితే సరుకు మెత్తబడి మచ్చ పడుతుంది, రీలరు చెయ్యి పెట్టి చూసి రేటు కోస్తాడు. అందుకని అర్ధరాత్రి దాటాక లోడు కట్టి, తెల్లారేసరికి మార్కెట్లో ఉంటాం.

రామనగర పోయేవాళ్ళకి ఇంకో చిక్కుంది. 2023 ఆగస్టు 1 నుంచి బెంగళూరు – మైసూరు హైవే మెయిన్ రోడ్డు మీదికి బైకులు, ఆటోలు, ట్రాక్టర్లు రాకూడదని జాతీయ రహదారుల సంస్థ ఆపేసింది. గూడ్స్ ఆటోలో గూళ్ళు వేసుకుపోయే రైతు సర్వీస్ రోడ్డే పట్టుకోవాలి. ఆ రోడ్డులో హంపులుంటాయి, ఎదురు దిక్కున వచ్చే బండ్లుంటాయి, వెనక ఎర్ర లైటు లేని ట్రాక్టర్లుంటాయి. మా హోసకోట వైపు గానీ, శిడ్లఘట్ట, చింతామణి వైపు గానీ పల్లె రోడ్లు ఎలా ఉంటాయో చెప్పనక్కర్లేదు. చలికాలంలో మంచు దిగితే మరీ ఘోరం.

గంటకి 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. అడ్డం కనిపించి, కాలు బ్రేకు మీదికి పోవడానికే సెకనున్నర పడుతుంది, అంటే 25 మీటర్లు అక్కడే పోయాయి. తర్వాత బండి ఆగడానికి ఇంకో పాతిక మీటర్లు, టైర్లు, బ్రేకులు బాగుంటేనే. మొత్తం 50 మీటర్లు. లైటు 40 మీటర్లే చూపిస్తే, ఆ మిగిలిన 10 మీటర్లు మనం గుడ్డిగా పోతున్నట్టే. రోడ్డు మీద పడుకున్న ఆవు ఆ 10 మీటర్లలోనే ఉంటుంది.

లైటు మసకగా ఉందంటే మనవాళ్ళు మొదట చేసేది బల్బు మార్చడం. 100 వాట్లదో, కళ్ళు చెదిరే తెల్ల ఎల్‌ఈడీదో తెచ్చి పెడతారు. చాలా పాత బండ్లలో తప్పు బల్బుది కాదు, బల్బుదాకా వచ్చే వైరుది.

ఇది మనకి తెలియని విషయమేమీ కాదు. బోరు దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ దూరంగా ఉండి, సన్న కేబులు లాగితే ఏమవుతుంది? మోటారు మూలుగుతుంది, నీళ్ళు పైకి రావు, కేబులు వేడెక్కుతుంది. కరెంటు ఉంది, కానీ దార్లోనే వోల్టేజి పడిపోయింది. బండిలో కూడా అంతే. పాత పద్ధతి వైరింగు ఉన్న బండ్లలో బ్యాటరీ నుంచి కరెంటు తాళం స్విచ్చుకి పోయి, అక్కణ్ణుంచి స్టీరింగు కింద లైటు స్విచ్చుకి, డిప్పు–హై మార్చే మీటకి, మళ్ళీ వెనక్కి బల్బుకి వస్తుంది. నాలుగైదు మీటర్ల సన్న వైరు, దార్లో అరడజను జాయింట్లు. 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 5 మీటర్లలో 10 ఆంపియర్లు పోతే, వైరులోనే ఒక వోల్టు పైన పోతుంది. స్విచ్చులు, తుప్పు పట్టిన జాయింట్లు తినేది వేరే.

ఒక వోల్టే కదా అనుకోవద్దు. హాలోజెన్ బల్బులో వోల్టేజి కొంచెం తగ్గినా వెలుగు చాలా తగ్గుతుంది. వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుగు 30 శాతం దాకా పోతుంది.

అందుకే ముందు కొలవండి, తర్వాతే కొనండి. రెండు మూడు వందలకి దొరికే మామూలు మల్టీమీటరు చాలు. అది షెడ్డులోనూ పనికొస్తుంది. ఇంజను ఆన్‌లో ఉంచి, లైటు వేసి, మీటరు డీసీ 20 వోల్టుల మీద పెట్టి, ముందు బ్యాటరీ రెండు టెర్మినళ్ళ మధ్య చూడండి. 13.5 నుంచి 14.4 మధ్య ఉండాలి. ఇంజను తిరుగుతున్నా 12.5 కూడా దాటకపోతే మీ జబ్బు చార్జింగుది. ఆల్టర్నేటరు బెల్టు, బ్యాటరీ చూపించుకోండి, వైరు మార్చి లాభం లేదు. బ్యాటరీ దగ్గర సరిగా ఉంటే బల్బు వెనక హోల్డరులో, బల్బు వెలుగుతుండగానే, వెలిగే కాలుకీ నెగటివ్ కాలుకీ మధ్య చూడండి. రెండు లెక్కలకీ తేడా అర వోల్టు లోపు ఉంటే మీ వైరింగు బాగుంది. అద్దం పసుపెక్కిందేమో, బల్బు గాజు నల్లబడిందేమో చూసి, అవి మార్చుకుని ఊరుకోండి. తేడా ఒక వోల్టు దాటితే ఈ పని చెయ్యడంలో అర్థం ఉంది.

మా పాత పికప్‌లో బ్యాటరీ దగ్గర 13.9, బల్బు దగ్గర 12.2 వచ్చింది. అంటే రావాల్సిన వెలుగులో మూడింట రెండు వంతులే వస్తోంది. పని అయ్యాక అదే బల్బుకి 13.6 వచ్చింది. బల్బు మార్చలేదు, వాట్లు పెంచలేదు, వెలుగు మాత్రం 40 శాతం పైనే పెరిగినట్టు లెక్క. ఆ తర్వాత మా ఊళ్ళో నలుగురం కలిసి ఇంకో మూడు బండ్లకి వేశాం. ఒక బండికి ఒక మధ్యాహ్నం పూట చాలు.

చేసేదేమిటంటే, బ్యాటరీ నుంచి బల్బుకి దగ్గర దారిలో మందం వైరు వేసి, మధ్యలో రిలే పెట్టడం. రిలే అంటే మన బోరు స్టార్టరు పెట్టెకి తమ్ముడు. స్టార్టరులో పచ్చ బటన్ నొక్కితే టక్కుమని కాయిలు లాగుతుంది, అప్పుడు కాంటాక్టులు కలిసి మోటారుకి కరెంటు పోతుంది. మోటారు కరెంటంతా ఆ చిన్న బటన్‌లోంచి పోదు కదా. అలాగే ఇక్కడ మన లైటు స్విచ్చు రిలే కాయిలుని మాత్రమే లాగుతుంది. ఇదివరకు 9 ఆంపియర్లు మోసిన స్విచ్చు ఇప్పుడు పావు ఆంపియరు కూడా మోయదు. స్టీరింగు కింద స్విచ్చు కాలిన వాసన వచ్చే బండ్లకి ఇది రెండో లాభం. ఆ స్విచ్చు సెట్టు మార్చాలంటే ఎంతవుతుందో మార్చినవాళ్ళకే తెలుసు.

సామాను బెంగళూరులో జె.సి. రోడ్డులో అడిగితే దొరుకుతుంది. హెచ్-4 రిలే కిట్ అని రెడీమేడ్‌గా అమ్ముతారు. మూడు కాళ్ళ బల్బు ఉన్న బండ్లకి అదే సులువు, పాత హోల్డరుకి గుచ్చుకుంటుంది, కంపెనీ వైరు ఒక్కటి కూడా కొయ్యక్కర్లేదు. రేపు వద్దనుకుంటే పీకేసి పాతది పెట్టుకోవచ్చు. కానీ కొనేముందు కిట్‌లో వైరు చేత్తో పట్టుకుని చూడండి. కొన్నిటిలో పైన ప్లాస్టిక్ మందంగా, లోపల రాగి దారంలా ఉంటుంది. అలాంటిది వేస్తే మళ్ళీ మొదటికే వస్తాం. విడిగా కొని కట్టుకునేవాళ్ళు ఇవి తీసుకోండి: 12 వోల్టుల 30 ఆంపియర్ల రిలేలు రెండు, సాకెట్లతో సహా. 15 ఆంపియర్ల ఫ్యూజులు రెండు, హోల్డర్లతో. కరెంటు దారికి 2.5 చదరపు మి.మీ. రాగి వైరు, మనవాళ్ళు రెండున్నర వైరు అంటారు. ఆటో షాపులో దొరికే సన్న పోగుల వైరైతే వణుకుడికి తెగదు, ఇంజను వేడికి కూడా ఆగుతుంది. కాయిలుకి 1 చదరపు మి.మీ. వైరు చాలు. పింగాణీ హోల్డర్లు రెండు, పాత హోల్డరులో గుచ్చే ప్లగ్గు ఒకటి, రింగు లగ్గులు, వేడికి ముడుచుకునే స్లీవ్, మీద తొడగడానికి ముడతల పైపు.

పని మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష చెయ్యాలి. ఒక వైపు బల్బు హోల్డరు పీకి, మీటరు నల్ల ముల్లు బ్యాటరీ నెగటివ్‌కి పెట్టి, లైటు వేసి, హోల్డరు మూడు కాళ్ళనీ ఎర్ర ముల్లుతో చూడండి. డిప్పులో ఒక కాలులో కరెంటు ఉండి, హై వెయ్యగానే అది ఇంకో కాలుకి మారితే మామూలు పద్ధతి. ఏ కాలు డిప్పు, ఏ కాలు హై, ఏది నెగటివ్ అని అప్పుడే గుర్తు పెట్టుకోండి. డిప్పులోనూ హైలోనూ మారకుండా ఒక కాలులో కరెంటు నిలిచే ఉంటే, ఆ బండిలో స్విచ్చు నెగటివ్ వైపు ఉన్నట్టు. దానికి కలపడం వేరే, ఎలక్ట్రీషియన్‌కి చూపించండి.

తర్వాత తాళం తీసేసి, బ్యాటరీ నెగటివ్ విప్పండి. ముందు నెగటివే విప్పాలి, పని అయ్యాక ఆఖరున బిగించాల్సిందీ అదే. పాజిటివ్ విప్పేటప్పుడు స్పానరు బాడీకి తగిలితే వెల్డింగు మెరుపు వస్తుంది, అందుకు.

రిలే కింద నంబర్లు రాసి ఉంటాయి: 30, 85, 86, 87. ఏ కంపెనీదైనా ఈ నంబర్లే. 30 బ్యాటరీ పాజిటివ్ నుంచి ఫ్యూజు గుండా వస్తుంది. 87 బల్బులకి పోతుంది. 86కి పాత హోల్డరు నుంచి వచ్చే సిగ్నల్, 85 నెగటివ్. ఒక రిలే డిప్పుకి, రెండోది హైకి. డిప్పు రిలే 87 నుంచి రెండు బల్బుల డిప్పు కాళ్ళకీ, హై రిలే 87 నుంచి రెండు బల్బుల హై కాళ్ళకీ. పాత హోల్డరు ఒక్కటే సిగ్నల్‌కి వాడతాం, రెండోది ఖాళీగా ఉంటుంది, దానికి టేపు చుట్టి నీళ్ళు పోకుండా కట్టెయ్యండి. రిలే మధ్యలో ఐదో కాలు ఉండి దాని మీద 87ఎ అని ఉంటే దాన్ని ముట్టుకోవద్దు. రిలే ఆగి ఉన్నప్పుడు కరెంటు వచ్చే కాలు అది. దానికి కలిపితే లైటు పగలంతా వెలిగి బ్యాటరీ దిగిపోతుంది.

నెగటివ్ వైరుని చిన్నచూపు చూస్తారు చాలామంది. పాజిటివ్ రెండున్నర వేసి, నెగటివ్ ఎక్కడో తుప్పు పట్టిన బోల్టుకి చుట్టేస్తారు. కరెంటు వచ్చిన దారి ఎంత బాగుందో తిరిగి పోయే దారీ అంత బాగుండాలి. బల్బుల నెగటివ్ కూడా రెండున్నర వైరుతోనే తీసి, నేరుగా బ్యాటరీ నెగటివ్‌కి గానీ, పెయింటు గీకి మెరిసేలా చేసిన బాడీ బోల్టుకి గానీ బిగించండి.

ఇప్పుడు ఫ్యూజు. ఈ వ్యాసం మొత్తంలో ఒక్క మాట గుర్తుంచుకుంటామంటే ఇది గుర్తుంచుకోండి. కొత్తగా వేసే వైరు బ్యాటరీకి నేరుగా కలుస్తోంది, తాళం తీసినా అందులో కరెంటు ఉంటుంది. అది ఎక్కడో రేకు అంచుకి రాసుకుని తోలు ఊడితే, ఫ్యూజు లేకపోతే, వైరు ఎర్రగా కాలేదాకా ఆగదు. ముందు ఇంజను, వెనక ఎండు సంచుల్లో గూళ్ళు. ఫ్యూజు బ్యాటరీ నుంచి జానెడు దూరంలోపే ఉండాలి. బల్బుల దగ్గర పెడితే లాభం లేదు, బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య ఉన్న ముక్కని ఎవరూ కాపాడరు. రెండు 55 వాట్ల బల్బులకి 8 ఆంపియర్లు, రెండు 60 వాట్లకి 9 దాకా పోతాయి కాబట్టి 15 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. అది పదేపదే పోతుంటే ఎక్కడో రాసుకుంటోందని అర్థం. 30ది పెట్టడం, సిగరెట్టు కాగితం వెండి రేకు చుట్టడం లాంటి తెలివితేటలు వద్దు.

లగ్గులు ప్లయరుతో గట్టిగా నొక్కి, మీద స్లీవ్ వెయ్యండి. ఉత్త టేపు ఇంజను వేడికి జిగురు కారి ఊడిపోతుంది. వైరుని సైలెన్సరు పైపుకీ ఫ్యానుకీ దూరంగా, అడుగడుక్కీ ట్యాగుతో కట్టుకుంటూ పొండి. రిలేల కాళ్ళు కిందికి ఉండేలా బిగిస్తే వాన నీళ్ళు లోపల నిలవవు. బల్బు తీసి పెట్టేటప్పుడు గాజు వేళ్ళతో ముట్టుకోవద్దు. వేలి జిడ్డు అంటిన చోట గాజు ఎక్కువ వేడెక్కి పగులుతుంది. ముట్టుకుంటే స్పిరిటుతో తుడిచి పెట్టండి.

లైటు వేస్తే రిలే టక్కుమనాలి, రెండు వైపులా సమానంగా వెలగాలి. పది నిమిషాలు వెలిగించి ఉంచి వైరు, లగ్గులు, ఫ్యూజు హోల్డరు చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే ఆ లగ్గు సరిగ్గా నొక్కలేదు. తర్వాత మీటరుతో మళ్ళీ కొలిచి రెండు అంకెలూ రాసిపెట్టుకోండి. ఒక ఇబ్బంది ఉంది, అదీ చెప్పాలి. వోల్టేజి పెరిగింది కాబట్టి బల్బు ఇదివరకటికన్నా తొందరగా పోతుంది. 5 శాతం పెరిగితే ఆయుష్షు సగానికి వస్తుంది. డాష్‌బోర్డులో ఒక బల్బు అదనంగా పెట్టుకోండి.

వెలుగు పెరిగాక లైటు ఎటు చూస్తోందో సరిచెయ్యకపోతే ఎదుటివాడికి శిక్ష. గోడకి 5 మీటర్ల దూరంలో చదునైన చోట బండి ఆపి, డిప్పు వేసి చూడండి. వెలుగు పై అంచు లైటు మధ్య ఎత్తు కన్నా 5 సెంటీమీటర్లు కిందకి ఉండాలి. ఇది లోడుతో చూడాలి. గూళ్ళు బరువుండవు గానీ, మల్బరీ కొమ్మలు నింపితే వెనక దిగి ముందు లైటు ఆకాశం చూస్తుంది. ఎక్కువగా కొమ్మలు తోలేవాళ్ళు ఆ లోడుతోనే సరిచేసుకోండి.

ఎల్‌ఈడీ సంగతి. హాలోజెన్ బల్బు కోసం చేసిన లైటు డొప్పలో ఎల్‌ఈడీ బల్బు పెడితే వెలుగు పుట్టే చోటు మారిపోతుంది, డొప్ప దాన్ని రోడ్డు మీదికి కాకుండా నలుదిక్కులా చల్లుతుంది. మనకి దగ్గర తెల్లగా కనిపించి బాగున్నట్టు అనిపిస్తుంది, దూరం కనిపించదు, ఎదురొచ్చేవాడికి కళ్ళు పోతాయి. ఆ ఎదురొచ్చేవాడు కూడా గూళ్ళు అమ్ముకుని వస్తున్న మన రైతే కావచ్చు. 2024 జూలై 1 నుంచి కర్ణాటక అంతటా ట్రాఫిక్ పోలీసులు ఇలాంటి లైట్ల మీద ప్రత్యేకంగా కేసులు పెట్టడం మొదలుపెట్టారు. 100 వాట్ల బల్బులకీ మేము ఒప్పుకోం. ప్లాస్టిక్ హోల్డరు కరుగుతుంది, డొప్ప లోపలి పూత కాలిపోతుంది. 60/55 వాట్ల మంచి బల్బుకి నిండు వోల్టేజి ఇస్తే చాలు.

అన్ని బండ్లకీ ఇది వద్దు. వారంటీలో ఉన్న బండి ముట్టుకోవద్దు. కొత్త బండ్లలో లైటుని కంప్యూటరే నడుపుతుంది, చాలావాటిలో కంపెనీ రిలే ముందే ఉంటుంది. ఇక పాత మోపెడ్లు, బైకులు చాలావాటిలో హెడ్‌లైటు బ్యాటరీ నుంచి కాదు, మాగ్నెటో నుంచి నేరుగా వెలుగుతుంది. రేజు ఇస్తే లైటు పెరిగి, వదిలితే తగ్గుతుంటే అదే. అది ఏసీ కరెంటు, అందులో ఈ రిలే గిలగిల కొట్టుకుంటుంది, పని చెయ్యదు.

మన పనికి మాత్రమే సంబంధించిన జాగ్రత్తలు రెండున్నాయి, ఏ మెకానిక్కూ చెప్పడు. మొదటిది బ్లీచింగ్ పౌడర్. షెడ్డు కడగడానికి సంచి తెచ్చి, సీటు కిందో బ్యాటరీ పక్కనో పెట్టి మరిచిపోతాం. దాన్నుంచి వచ్చే క్లోరిన్ ఘాటు రాగిని తినేస్తుంది. లగ్గుల మీద పచ్చగా చిలుము పడితే మళ్ళీ వోల్టేజి పడిపోయినట్టే. సంచి వెనక ట్రాలీలో పెట్టండి, షెడ్డు శుద్ధి చేసే రోజు బండి దూరంగా ఆపండి, పంటకొకసారి ఫ్యూజు హోల్డరు విప్పి చూడండి. లగ్గులకి కాస్త పెట్రోలియం జెల్లీ పూస్తే మంచిది. ఆకు గది దగ్గర ఎలుకలుంటే ముడతల పైపు తొడగకుండా ఏ వైరూ వదలొద్దు.

రెండోది పురుగుకి సంబంధించింది. పట్టుపురుగు గట్టి వెలుగుని ఓర్వదు. చంద్రికల మీద గూడు కట్టే రాత్రి షెడ్డు కిటికీలోంచి హెడ్‌లైటు పడితే పురుగులు వెలుగు లేని వైపు జరిగి గుంపు కూడతాయి, జంట గూళ్ళు ఎక్కువవుతాయి. లైటు పెరిగాక ఈ జాగ్రత్త మరీ కావాలి. చంద్రికలు ఎక్కించిన రోజుల్లో బండిని షెడ్డుకి వీపు పెట్టి ఆపి, లైటు ఆర్పి, ఆ తర్వాత తలుపు తియ్యండి.